ఎత్తిన అరచెయ్యి

రియాద్‌లో నేను వారం రోజులు ఒక రష్యా ముసలాయనకు కారు తోలినా. పెద్ద ఆర్కెస్ట్రాను చేతి సైగలతో నడిపే మనిషి. ప్రతి కచేరీ చివర చప్పట్లు మోగితే, అరచెయ్యి పైకెత్తి, అందరికన్నా వెనకుండే తాళాలు కొట్టే ఆయన్ని ముందు లేపి నిలబెట్టేవాడు. "ఆయన్నే ఎందుకు సార్?" అని కార్లో అడిగినా.

"రెండు దెబ్బల కోసం గంటసేపు కాచుకున్నాడు కదా."

ఆయన ఊరు విడిచి పోయే రోజు ఎయిర్‌పోర్టు ముందర, సాగనంపేకి వచ్చిన జనం ఆయనకు చప్పట్లు కొట్టినారు. ఆయన కార్లో ఉన్న నా తట్టు తిరిగి అరచెయ్యి ఎత్తినాడు. పెట్టె ఏదో మర్చిపోయినాడనుకొని దిగి, పరిగెత్తిపోయి డిక్కీ తెరిచినా. ఏమీ లేదు. తలెత్తి చూస్తే ఆ చెయ్యి ఇంకా నా తట్టే ఉంది, అందరూ నన్ను చూసి చప్పట్లు కొడుతున్నారు.

డిక్కీ మూత పట్టుకొని అట్లే నిలబడినా. అక్కడ కారు ఆపితే చాలు, తియ్యమని ఎప్పుడూ అరిచే పోలీసు ఆ పొద్దు నోరెత్తలేదు.