మావయ్య వేయించుకోని టీకా

మా మావయ్య పటాలు కడతాడు. బస్టాండు వెనక సందులో, చెప్పుల కొట్టుకూ జిరాక్సు కొట్టుకూ మధ్య ఇరుక్కుని ఉంటుంది ఆయన దుకాణం. బోర్డు మీద రంగు ఊడిపోయి పేరు కనబడక చాలా కాలమైంది. కనబడినా ఎవరూ చదవరు. అది పటాల కొట్టు, ఆయన పటాలాయన, అంతే. మా అమ్మకు స్వయానా అన్న.

పనిలో ఆయనకు వంక పెట్టగల మొనగాడు లేడు. ఆ మాట ఇవాళ్టికీ ఒప్పుకుంటాను. గాజు పలక మీద వజ్రపు మొనతో ఒక్క గీత గీసి, బల్ల అంచుకు ఆనించి టక్కున విరిస్తే చాలు, తిన్నగా రెండు ముక్కలవుతుంది. చెక్క బద్దల మూలలు కోసి కలిపాడంటే ఆ సందులో వెంట్రుక దూరదు. వెనక అట్ట పెట్టి, చిన్న చిన్న మేకులు దిగ్గొట్టి, దుమ్ము చేరకుండా కాగితం అంటించి, చివర్లో చొక్కా అంచుతో గాజు తుడిచి చేతికిస్తాడు. చేతులు అలా పని చేసుకుపోతుంటే నోరు ఊరికే ఉండలేదు కదా. లోకంలో ఉన్న ప్రతి విషయం మీదా ఆయన దగ్గర ఒక తీర్పు సిద్ధంగా ఉంటుంది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం.

మామూలు రోజుల్లో ఆ కొట్టుకు పెళ్ళి ఫోటోలొచ్చేవి, పసిపిల్లల ఫోటోలొచ్చేవి, డిగ్రీ పట్టాలొచ్చేవి. కరోనా వచ్చాక ఇవన్నీ బందై, పోయినవాళ్ళ ఫోటోలు మాత్రం మిగిలాయి. మనుషులు మూతికి గుడ్డలు కట్టుకుని వచ్చి, ఫోన్లో ఏ పిక్నిక్‌లోదో నవ్వుతున్న మొహం చూపించి, "ఇందులోంచి ఈయన్ని ఒక్కణ్ణే తీసి పెద్దది చేయించండి" అనేవారు. పటం పూర్తయ్యేదాకా బల్ల ముందు నిలబడి, ఎలా పోయాడో మొత్తం చెప్పుకునేవారు. వినేవాడు దొరికితే దుఃఖం ఆగదు. మావయ్య అన్నీ విన్నాడు.

టీకా వచ్చాక ఆ కథల్లో ఒక కొత్త ముక్క చేరింది. "సూది వేయించుకున్న వారానికే పోయాడండీ." ఇంకొకరు, "బాగానే తిరుగుతుండేది, ఆ మాయదారి సూది వేయించుకుంది, మంచం పట్టింది." ఇలాంటివి కొన్ని పోగయ్యేసరికి మావయ్య తేల్చేశాడు.

"డాక్టరు చూసేది తన వార్డు ఒక్కటే. నేను ఊరంతా చూస్తున్నా. ఒక్కడంటే ఒక్కడు వచ్చి, 'నేను సూది వేయించుకున్నా, హాయిగా ఉన్నా, నాకు పటం కట్టండి' అన్నాడా?"

"బతికున్నవాడికి పటాల కొట్లో ఏం పని మావయ్యా? ఇంట్లో కూర్చుని అన్నం తింటుంటాడు" అన్నాను.

"గడుసుదానివే" అని నవ్వేసి మేకు కొట్టుకున్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళూ నవ్వారు. నా మాట వాళ్ళకు జోకులా వినబడింది, ఆయన మాట అనుభవంలా వినబడింది. ఇన్ని చావులు చూసిన మనిషి ఊరికే అంటాడా అనుకుంటూ సందులో సగంమంది సూదికి వెళ్ళడం మానేశారు.

నిజం చెప్పాలంటే, వేయించుకున్నవాళ్ళెవరూ వైద్యం చదివి వేయించుకోలేదు, మానేసినవాళ్ళెవరూ చదివి మానేయలేదు. చెప్పుల కొట్టాయనకు సూదంటే చచ్చేంత భయం. ఆ భయానికి మావయ్య మాట గొడుగులా దొరికింది. జిరాక్సావిడ కూతురి పురుడు పోయడానికి రైలెక్కాలి, అందుకని వేయించుకుంది. నేను కొరియర్ ఆఫీసులో పనిచేస్తాను. వేయించుకోనివాళ్ళను గేటు దగ్గరే ఆపేస్తామన్నారు, వెళ్ళి చెయ్యి చాపాను. ఆ తర్వాత మాత్రం అమ్మ గురించి భయం పట్టుకుంది. అమ్మకు షుగరు. కాస్త మెట్లెక్కితే ఆయాసం. ఇంట్లో కర్టెన్లు కుడుతూ, మిషను తొక్కుతూ మధ్యలో ఆగి గుండె మీద చెయ్యి వేసుకునేది. రోజూ పోరాను. ఎంత పోరినా అమ్మది ఒకటే పాట.

"అన్నయ్య వద్దన్నాడుగా."

"అన్నయ్య డాక్టరా?"

"నువ్వు ఉద్యోగం పోతుందని వేయించుకున్నావు. జిరాక్సావిడ రైలెక్కాలని వేయించుకుంది. ఎవరి మెప్పూ అక్కర్లేకుండా ఆలోచించింది అన్నయ్య ఒక్కడే."

అమ్మ బడికి వెళ్ళే వయసులో తాతయ్య పోతే, చదువు మానేసి గాజు ముక్కల మధ్య పనికి చేరి అమ్మను చదివించింది మావయ్య. నాన్న పోయినప్పుడు మా ఇద్దరినీ వీధిన పడకుండా కాచిందీ ఆయనే. నా చేయి పట్టుకుని బడికి తీసుకెళ్ళాడు. ఇవన్నీ నిజాలే. అబద్ధాలైతే నాకింత మంట ఉండేది కాదు. అమ్మకు దేవుడి మీద కూడా అప్పుడప్పుడు అనుమానం వచ్చేది గానీ, అన్నయ్య మీద ఒక్కనాడూ రాలేదు.

ఆ మధ్య ఒక ఆదివారం అమ్మతో కలిసి మావయ్య ఇంటికి వెళ్ళాను. అత్తయ్య ఇంట్లో లేదు, కోడలికి పురుడై కొడుకింట్లో ఉంది. మావయ్య ఎడమ చెయ్యి కదపలేక మంచం మీద పడుకుని ఉన్నాడు. ఒళ్ళు వెచ్చగా ఉంది.

"ఏమైంది అన్నయ్యా?"

"కొట్లో చెక్క బద్దలు దించుతుంటే స్టూలు మీదనుంచి జారాను. భుజం పట్టేసింది."

అమ్మ కంగారు పడిపోయి నీళ్ళు కాచింది. తువ్వాలు ముంచి పిండి, ఆ భుజానికి కాపడం పెట్టింది. "ఈ వయసులో స్టూళ్ళెక్కడమేంటి? ఎవర్నైనా పిలవొచ్చుగా" అని తిట్టింది. తువ్వాలు చల్లారిన కొద్దీ మళ్ళీ ముంచింది. మావయ్య కళ్ళు మూసుకుని పడుకున్నాడు. నేను గుమ్మంలో కూర్చుని ఫోను చూసుకుంటున్నాను. ఆ పూట ఆయన నోటి వెంట ఒక్క తీర్పూ రాలేదు. నొప్పి వల్లేమో అనుకున్నాను.

కొన్నాళ్ళకు మా వీధిలో రెండిళ్ళలో మనుషులు పోయారు. అమ్మ మొదటిసారి మెత్తబడింది. "సరేలే, పోదాం. ఒక్కసారి అన్నయ్య చెవిన వేసి పోదాం" అంది. చెవిన వేయకుండా పోదామంటే ఒప్పుకోదని తెలుసు. ఇద్దరం కొట్టుకు వెళ్ళాం. అక్కడ చెప్పుల కొట్టాయన ఉన్నాడు, పటాల కోసం వచ్చినవాళ్ళు ఇంకొందరున్నారు. అమ్మ బల్ల దగ్గరికి వెళ్ళి నిలబడింది.

"అన్నయ్యా, ఇది రోజూ నా ప్రాణం తీస్తోంది. పోనీ ఒకసారి వెళ్ళి వేయించుకుని రానా?"

మావయ్య గాజు మీద గీత ఆపాడు. అమ్మను చూశాడు, నన్ను చూశాడు, చెప్పుల కొట్టాయనను చూశాడు. అందరూ ఆయన నోటికేసి చూస్తున్నారు.

"నన్ను చూడు. నేను వేయించుకున్నానా?"

"లేదు."

"రాయిలా ఉన్నానా లేదా? మరి నీకెందుకే ఆ గోల?"

"అదీ మాట!" అన్నాడు చెప్పుల కొట్టాయన. అమ్మ నావైపు తిరిగి, గెలిచిన పిల్లలా నవ్వింది. సూది తప్పిందని ఆ నవ్వు కాదు, అన్నయ్య తప్పు కాలేదని.

ఆ వచ్చిన నెలలో మావయ్యకూ అత్తయ్యకూ జ్వరం వచ్చింది. అన్నకు జ్వరమని తెలిస్తే అమ్మ ఆగుతుందా? నేను ఆఫీసులో ఉండగా క్యారేజీ పట్టుకుని వెళ్ళి, దగ్గరుండి తినిపించి వచ్చింది. వాళ్ళిద్దరూ నాలుగు రోజులు దగ్గి, తుమ్మి, లేచి తిరిగారు. అమ్మ పడుకుంది. దగ్గు ముదిరింది, ఆయాసం ముదిరింది, ఆసుపత్రిలో మంచం కోసం తిరగడం, ఆక్సిజన్ కోసం కాళ్ళావేళ్ళా పడడం, అవన్నీ అందరి ఇళ్ళలోనూ జరిగినవే. మళ్ళీ చెప్పే ఓపిక నాకు లేదు. చివరిసారి మాట్లాడినప్పుడు కూడా, "అన్నయ్యకి తగ్గిందా?" అని అడిగింది. తగ్గిందన్నాను. "చూశావా, సూది లేకపోయినా తగ్గింది" అంది. ఆ తెల్లారి పోయింది.

మావయ్య ఏడ్చినట్టు ఇంకెవరూ ఏడవలేదు. గోడకు తల బాదుకున్నాడు. నేనే వెళ్ళి పట్టుకుని, నీళ్ళు తాగించి ఓదార్చాను. అది తలుచుకుంటే ఇప్పుడు ఒళ్ళు మండుతుంది.

అత్తయ్య నోట్లో నువ్వుగింజ నానదు. అలాంటి మనిషి అన్నాళ్ళు ఎలా దాచిందా అనుకుంటాం గానీ, ఆవిడ దాచలేదు. దాచాల్సిన విషయమని ఆవిడకు తెలియదు. నా దగ్గర పడుకోవడానికి వచ్చిన ఒక సాయంత్రం, నా తల నిమురుతూ, "సూది పుణ్యమా అని మాకు జలుబుతో పోయింది తల్లీ. మీ అమ్మ కూడా వేయించుకుని ఉంటేనా" అంది.

"ఎవరు వేయించుకున్నారు?"

"మేమేనే. కోడలు ఒకటే పట్టు పట్టింది. సూది లేనివాళ్ళు నా బిడ్డను ముట్టుకోవద్దంది. మనవణ్ణి ఎత్తుకోకుండా ఎలా ఉంటాడు మీ మావయ్య? ఊరవతల ఆసుపత్రికెళ్ళి ఇద్దరం వేయించుకున్నాం. పాపం, ఆయనకు భుజం వాచి ఒళ్ళు కాలిపోయింది. అదేంటి, నీకు తెలీదా? 'చెల్లెలికి నేనే చెప్తాలే, నువ్వు తొందరపడకు' అన్నాడే. చెప్పాడనే అనుకున్నా."

నాకు ముందు గుర్తొచ్చింది ఆ వేడి తువ్వాలు. టీకా పొడిచిన చోట మా అమ్మ కాపడం పెడుతుంటే, కళ్ళు మూసుకుని పెట్టించుకున్నాడు ఆయన. ఆ తర్వాత ఆ భుజంతోనే బల్ల వెనక నిలబడి, నేను వేయించుకున్నానా అని అడిగాడు.

మనవణ్ణి ఎత్తుకోవాలని వేయించుకున్నందుకు నాకు కోపం లేదు. అంతకంటే మంచి కారణం ఎవరికుంది? నేను వేయించుకున్నది గేటు కోసం. నాకర్థమైంది ఇంకొకటి. ఆ కొట్టు బయట మావయ్యను గొప్పవాడనుకునే మనిషి లోకంలో మా అమ్మ ఒక్కతే. ఆ ఒక్కదాని ముందు పలచనైపోవడం ఆయన వల్ల కాలేదు. తన మాట బతకడానికి చెల్లెల్ని వదిలేశాడు. చంపాలని కాదు, ఏమీ కాదులే అనుకుని ఉంటాడు. మనుషులు చంపుకునేది చాలాసార్లు ఇలాగే, ఏమీ కాదులే అనుకుంటూ.

చాలా రోజులు ఆ సందు వైపే వెళ్ళలేదు. చివరికి ఒక మధ్యాహ్నం వెళ్ళాను. గొడవ పడాలని లేదు. 'నేను వేయించుకున్నాను, దానికి చెప్పలేదు' అనే ఒక్క ముక్క ఆయన నోటితో వినాలి. విన్నాక ఏం చేస్తానో నాకే తెలియదు. క్షమించేదాన్నేమో కూడా. ఎంతైనా నన్ను చేయి పట్టుకుని నడిపించిన మనిషి.

కొట్లో ఒకావిడ ఉంది. భర్త ఫోటో పటం కట్టించుకోవడానికి వచ్చింది. చెప్పుల కొట్టాయన ఎప్పటిలాగే గుమ్మానికి ఆనుకుని ఉన్నాడు. మావయ్య నాకు వీపు పెట్టి, గోడకు వేలాడుతున్న బద్దలు ఆవిడకు చూపిస్తున్నాడు.

"ఆలస్యం చెయ్యకమ్మా, రేపే వెళ్ళి వేయించుకో. మొదట్లో నాకూ అనుమానమే, తర్వాత బుద్ధొచ్చి వేయించుకున్నా. మా చెల్లెలు చేతులారా ప్రాణం పోగొట్టుకుంది. వెయ్యిసార్లు చెప్పా దానికి. కాళ్ళు పట్టుకోవడం ఒక్కటే తక్కువ. మొండిది, వినలేదు."

అంటూ ఇటు తిరిగాడు. నన్ను చూశాడు. కళ్ళ నిండా నీళ్ళున్నాయి. దొంగ ఏడుపు కాదది, నిజంగానే ఏడుస్తున్నాడు. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని ఉండి ఉంటే నేను వెనక్కి వచ్చేసేదాన్నేమో. ఇప్పుడు మా అమ్మ మొండిదైపోయింది. పుట్టి బుద్ధెరిగాక అన్నయ్య గీసిన గీత దాటని మనిషి, చెప్పినా వినని మూర్ఖురాలిగా ఊరి నోట్లో పడింది.

మావయ్య గొంతు సవరించుకుని, "మా చెల్లెలి కూతురు" అన్నాడు ఆవిడతో. ఆవిడ జాలిగా నా చెయ్యి పట్టుకుంది.

"మీ మావయ్య మాట వినుంటే మీ అమ్మ ఇవాళ నీతో ఉండేది కదమ్మా."

"విందండీ" అన్నాను. "మా అమ్మ ఆయన మాట విననిది ఎప్పుడు? ఈ కొట్లోనే నిలబడి అడిగింది, వేయించుకోనా అన్నయ్యా అని. అప్పటికే ఆయన దొంగచాటుగా వేయించుకుని ఉన్నాడు. నేను వేయించుకోలేదు, నీకెందుకు అన్నాడు. ఇదిగో, ఈయన కూడా ఉన్నాడు అప్పుడు. అమ్మ వింది. వినబట్టే పోయింది."

చెప్పుల కొట్టాయన నోరు తెరిచి మావయ్య వైపు చూశాడు. ఆవిడ నా చెయ్యి వదిలేసింది. మావయ్య తలెత్తుతాడేమోనని చూశాను. అప్పటికైనా అంటాడేమోనని ఎదురుచూశాను. ఆయన బల్ల మీది గాజు పలకను చొక్కా అంచుతో తుడిచాడు, మళ్ళీ తుడిచాడు.

"నల్ల ఫ్రేము వెయ్యమంటారా అమ్మా, గోధుమ రంగుదా?" అన్నాడు ఆవిడతో.