మేనత్త పంపిన గాజులు

మొన్న నరసరావుపేటలో స్త్రీ పురుష సమానత్వం మీద వర్క్‌షాపంటే వెళ్లాను. ఏసీ హాల్లో తెర మీద బొమ్మలు మారుతుంటే ఒకమ్మాయి హింసకు కారణాలు నంబర్లేసి మరీ చదివింది, మధ్యాహ్నానికల్లా సర్టిఫికెట్లు చేతిలో పెట్టి, నవ్వమని ఫోటో తీసి పంపించేశారు. ఒక్కరూ ఎవరితోనూ పోట్లాడలేదు. పోట్లాట లేకపోతే అదేం వర్క్‌షాపని గొణుక్కుంటూ బస్సెక్కాను.

మీరూ నా ఈడువాళ్లే కనుక చెబుతున్నాను. డిగ్రీ పూర్తికాగానే నేను చేరిన సంస్థలో నా పని, ఊళ్లు తిరిగి ఆడవాళ్లనీ మగవాళ్లనీ ఒకచోట కూచోబెట్టి మాట్లాడించడం. నకరికల్లు అవతల ఒక ఊరు అప్పటికే రెండు పార్టీలుగా చీలిపోయి ఉంది, ఆ మధ్యనే ఒక రైతును పొలం గట్టు మీద నరికేశారు. అతని తమ్ముడు కొడవలి పట్టకుండా కోర్టులో సాక్ష్యం చెబుతానన్నాడు. దాంతో వాళ్ల మేనత్త, పగ తీర్చుకోని మగవాణ్ణి ఆడదానికింద జమకట్టి అక్కడ పెట్టే సారెగా, పళ్లెంలో గాజులూ కుంకుమా పెట్టి, ఊరంతా చూస్తుండగా నడిచి వెళ్లి అతని గుమ్మంలో దించి వచ్చింది. అప్పట్నుంచీ అతను అన్నం సరిగా తినడం లేదనీ, ఇవాళో రేపో కొడవలి తీస్తాడనీ చెప్పుకుంటున్నారు. నేను బడి వరండాలో చాపలు పరిపించింది అలాంటి రోజుల్లో.

ఆ మధ్యాహ్నం ఒక ఆట పెట్టాను. మగవాళ్లు ఆడవేషం కట్టాలి, గొడవ చేసి మొగుడు పరారైన ఇంటికి పోలీసులొస్తే ఏమవుతుందో చేసి చూపాలి. ఆ తమ్ముడు తన భార్య వేషానికి ఒప్పుకుని, తువ్వాలు తలమీదుగా కప్పుకుని వయ్యారంగా కూచునేసరికి వరండా అంతా ఒకటే నవ్వు. పోలీసు వేషగాడు చీపురు ఝళిపించాడు.

“ఏమే, నీ మొగుడేడీ?”

“ఊరికి పోయాడయ్యా.”

“ఏ ఊరికి?”

అతను ఆడవాళ్ల వరసలో ఉన్న భార్య వైపు తిరిగి, “ఏమే, పోయిన గొడవప్పుడు నేను కృష్ణ అవతలికి పారిపోతే నువ్వేం చెప్పావు?” అని అడిగాడు.

“చెప్పేదేంది? నోరు తెరిచేలోపే చెంప పగలగొట్టారు. చంకలో చంటిది కూడా ఉంది,” అందామె తలెత్తకుండా.

ఆ సంగతి అతనికి అప్పటిదాకా తెలియదు.

మేనత్త లేచింది. “చానా బాగుంది నాటకం! అమ్మాయ్, పోయింది నా అన్న కొడుకు, నీదేం పోయింది? సాయంత్రానికి బస్సెక్కి పోతావు.”

“పోతాను పెద్దమ్మా. ఈ చిన్నోడూ పోతే రేపు పళ్లెం ఎవరికి పంపుతావు? ఆ చంటిదానికా?”

ఆవిడ నన్ను కొట్టడానికే వచ్చింది, ఆడవాళ్లు నడుం పట్టుకుని ఆపారు. అప్పుడు అతను తువ్వాలు తీసి భుజాన వేసుకుని, “నేను పోను అత్తా, వాయిదాలకు తిరుగుతా. గాజులు మంచివే తెచ్చావు, నా పెళ్లాం తొడుక్కుంటుంది,” అన్నాడు. ఆమె నిజంగానే తొడుక్కుంది.

అతని సాక్ష్యంతో, నరికినవాళ్లలో శిక్ష ఒకరికి పడింది, మిగతావాళ్లు బయటికొచ్చారు. అతన్ని టీకొట్టు దగ్గర ఇప్పటికీ ఒక పాడు పేరుతోనే పిలుస్తారు. పిలవనివ్వండి, పలకడానికి మనిషి ఉన్నాడు. మేనత్త పోయేదాకా అతనితో మాట్లాడలేదు కానీ, నేనా దారిన వెళితే మాత్రం పిలిచి, మంచం వాల్చి, మజ్జిగ చేతికిచ్చి మరీ తిట్టేది. ఇద్దరం పొద్దుగూకేదాకా వాదించుకునేవాళ్లం, ఇద్దరిలో ఎవరూ తగ్గేవాళ్లం కాదు.

ఆవిడకు కనీసం, తాను చావుకు తోలుతున్నది తన మేనల్లుణ్ణేనని తెలుసు, ఆ దిగులు ఆ తిట్లలోనే వినబడేది. ఇప్పుడు టీవీల్లో యుద్ధం కావాలని గొంతులు చించుకునేవాళ్లకు పోయేవాడి పేరు కూడా తెలియదు. వాళ్లతో వాదిద్దామంటే కూచోమనే మంచమేదీ? నా నోరు మాత్రం అలాగే ఉంది, దానికి దీటైన మనిషే లేకుండా పోయింది.