పత్తిచేన్ల పడ్డ విమానం

మా అత్త కట్టమ్మ ఎవ్వర్నీ నమ్మది. ఎరువు బస్తా కొన్నా మూతి విప్పి వాసన చూసినంకనే ఇంటికి తెస్తది. పరకాల దగ్గర మా పత్తిచేను మీద ట్రైనింగ్ విమానం రోజూ చక్కర్లు కొడుతాంటే, "మన భూములు చూసుకుంటాండ్రు" అని ఒకటే గొణుగుడు. నాకు చిర్రెత్తుకొచ్చేది.

మొన్న ఆ విమానం ఇంజన్ ఆగి మా చేన్లనే కూలింది. నుదురు పగిలి, నెత్తురు కారుకుంట ఓ ఆడపిల్ల బయటికొచ్చింది. అత్త తన కొంగు చింపి కట్టు కట్టింది. కట్టుకుంటనే అడిగింది: "నిజం చెప్పు బిడ్డా, మా భూమి చూడనీకి వచ్చినవా?"

"లేదమ్మా, నడపడం నేర్చుకుంటున్న" అని ఆ పిల్ల ఏడ్చింది. నాకు తల కొట్టేసినట్టయింది.

తెల్లారి ఆఫీసర్లొచ్చిండ్రు. ఎంక్వైరీ అని విమానం పడ్డ జాగే కాదు, చేను నాలుగు మూలలా టేపుతోని కొలిచి, ఎర్రగుడ్డలు కట్టిన కొయ్యలు పాతిండ్రు. సాయంత్రం విమానాన్ని లారీల ఎక్కించుకొని పోయిండ్రు.

"ఇప్పుడన్న నమ్ముతవా అత్తా?" అన్న.

అత్త చేను దిక్కు చూసింది. "గాజుపెంకు సుత ఇడిసిపెట్టకుంట ఏరుకపోయినోళ్లు, ఆ కొయ్యలెట్ల మర్చిపోయిండ్రే?"