మామ్మ కషాయం, మందిరపు ఇటుకపొడి

మా చిన్నప్పుడు... పొద్దున్నే మామ్మ పొయ్యి మీద కుండ సలసల కాగుతుండేది. అందులో వేపబెరడు, తుమ్మబెరడు, కాసిని జామాకులు, ఓ ఉప్పుకల్లు. చల్లారాక మా అక్క రూతమ్మకీ నాకూ ముంతల్లో పోసి, వాకిట్లో నిలబెట్టి పుక్కిలించమనేది. ఒకటే చేదు... వగరు... అక్క నా మొహం చూసి నవ్వేది, నేను అక్క మొహం చూసి నవ్వేదాన్ని.

మాది కొల్లేటికోట. చుట్టూ నీళ్ళు, ఏ పూటైనా చేపల పులుసు. పులుపు పంటి మీది నిగనిగను తినేస్తుందనీ, అది పోయిన పన్ను పెంకు లేని గుడ్డుతో సమానమనీ మామ్మ అంటుండేది. పులుసు తిన్న వెంటనే గరుకు పొడితో పళ్ళు తోమనిచ్చేది కాదు. పుక్కిలించి ఊరుకోమనేది. ఇప్పుడు డాక్టర్లు ఎనామిల్ అనేది ఆ నిగనిగనేనట...

నాన్న దోనె నడిపేవాడు. నాకు ఊహ తెలిసేసరికి బాప్తిస్మం తీసుకున్నాడు. తీసుకున్నవాడు నిప్పైపోయాడు. అన్నం ముందు వాక్యం, వల వేసే ముందు వాక్యం. ఆ నిప్పు నాకూ అంటింది. బడి మొహం చూడనిదాన్ని, వాక్యం కోసమే అక్షరాలు కూడబలుక్కున్నాను. కాబట్టి నాన్నను తిట్టడానికి ఇది రాయడం లేదు. ఆ నిప్పు ఎలా కాలుస్తుందో చెప్పడానికి రాస్తున్నాను.

మామ్మ వేపబెరడు తెచ్చేది ఊరి చివర అమ్మవారి చెట్టు నుంచి. చెక్కే ముందు చెట్టుకు దణ్ణం పెట్టుకునేది. ఓ రోజు అది నాన్న కంటబడింది. ఇంటికొచ్చి, కాగుతున్న కుండను గుడ్డతో పట్టి దింపి, తీసుకెళ్ళి కొల్లేట్లో పారబోశాడు. ఇక ఈ ఇంట్లో ఆ నీళ్ళు ఎవరి నోటా పడకూడదన్నాడు. 

ఆ నీళ్ళు లేకపోతే మరి పళ్ళెలా శుభ్రమవ్వాలి? మా ప్రార్థన మందిరం గోడ కట్టగా మిగిలిన ఇటుకముక్కలు ఉండేవి. దేవుని ఇంటి ఇటుక కంటే శుద్ధమైనది ఏముంటుందని, నాన్న వాటిని రోట్లో వేసి మెత్తగా దంపించాడు. తిన్న ప్రతిసారీ ఆ పొడితో పళ్ళు తోమాలి. నేను తప్పించుకు తిరిగేదాన్ని. అక్క మాత్రం నాన్న మాట జవదాటేది కాదు.

మొదట్లో అక్క పళ్ళు తళతళలాడాయి. మందిరంలో పాట ఎత్తుకుంటే అందరి కళ్ళూ తన మీదే. పక్కింటి అత్తయ్య, "నవ్వకే పిల్లా, ఆ మెరుపుకి చేపలు బెదిరిపోతాయి" అని ఏడిపించేది. నాన్న ఆ పళ్ళను దేవుని మేలుకు సాక్ష్యంగా చెప్పుకున్నాడు...

తర్వాత పళ్ళు పసుపెక్కాయి. అంచులు పల్చబడ్డాయి. చన్నీళ్ళు తగిలితే అక్క దవడ పట్టుకునేది. పాడేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది. చివరికి వెనక పన్ను పుచ్చి, బుగ్గ పొంగి, జ్వరం పట్టుకుంది.

మామ్మ ఎవరి దోనెలోనో గట్టుకు వెళ్ళి బెరడు తెచ్చి, కాచి, ముంత నాన్న ముందు పెట్టింది.

"అబ్బాయ్, ఇది ఆ చెట్టుది కాదురా. ఎవరిదో పొలం గట్టు మీది. దణ్ణం కూడా పెట్టలేదు."

నాన్న ముంతను పక్కకు జరిపాడు.

"వేపచెట్టుని చేసింది మీ దేవుడు కాక ఇంకెవర్రా?"

అమ్మ గడపలోంచి, "ఏవండీ, ఒక్క పుక్కిలి. మింగదండి, ఉమ్మేస్తుంది" అని బతిమాలింది.

"ప్రార్థన చేస్తున్నాం కదా" అని నాన్న లేచిపోయాడు.

వాపు మెడ దాకా దిగాక అక్కను దోనెలో ఏలూరు ఆసుపత్రికి బయల్దేరదీశాడు. దారంతా నీళ్ళలో ఎత్తుగా పెరిగిన కిక్కిస గడ్డి అడ్డం. నాన్న గెడ వేసి దోనె నెడుతూ బిగ్గరగా ప్రార్థిస్తూనే ఉన్నాడు. గట్టు కనబడకముందే అమ్మ ఒళ్ళో అక్క ఊపిరి ఆగిపోయింది...

అప్పటికి ఆ కషాయం అక్కను బతికించేదని నేననను. పుచ్చిన పన్నును ఏ ఆకూ వెనక్కి తేలేదు. పన్ను పుచ్చకముందు గడిచిన కాలం ఉందే... దాని గురించే నా ఏడుపు.

కొన్నాళ్ళకు నాన్న తనే వేపబెరడు తెచ్చాడు. అమ్మవారి చెట్టుదే. మామ్మ కాళ్ళ దగ్గర పెట్టి, "చిన్నదానికి కాచి పెట్టమ్మా" అన్నాడు.

"మర్చిపోయాన్రా" అంది మామ్మ.

మర్చిపోలేదని ఇంట్లో అందరికీ తెలుసు. బతికినన్నాళ్ళూ మళ్ళీ కాచలేదు.

తండ్రులు పుల్లని ద్రాక్షకాయలు తింటే పిల్లల పళ్ళు పులిశాయని వాక్యంలో ఓ పాతమాట ఉంది. చెట్టు ఆకులు జనాలను బాగుచేస్తాయనే మాటా ఉంది. రెంటినీ పక్కపక్కన పెట్టి, మందిరాల్లో వాక్యం చెబుతూ జీవితమంతా గొంతు చించుకున్నాను. చెట్టుకు మతం అంటగట్టకండని చెప్పాను. విన్నవాళ్ళు ఆమెన్ అన్నారు, ఇంటికెళ్ళి మళ్ళీ అదే చేశారు. అటు గుడివాళ్ళూ అంతే, ఇటు మావాళ్ళూ అంతే.

ఇప్పుడు కొల్లేరు గట్లన్నీ చేపల చెరువులు. వేప లేదు, తుమ్మ లేదు. వేపాకు బొమ్మ వేసిన ఆకుపచ్చ సీసా కొట్టు నుంచి వస్తుంది. మనవలు పుక్కిలించి ఉమ్మేసి బళ్ళెక్కి పోతారు...

మీ ఇళ్ళలో పెద్దవాళ్ళు ఇంకా ఉంటే, ఆ నీళ్ళలో ఏది ఎంత వేసేవారో, ఎంతసేపు కాచేవారో అడిగి కింద రాయండి. మా ఇంట్లో మామ్మను అడగడానికి ఎవరికీ మొహం చెల్లలేదు.