జకార్డు పైన చిటికెన వేలంత సందు

సోమవారం పొద్దున ఆరుంబావుకు జకార్డు పెట్టె మీద దుమ్ము తుడుస్తున్నాను. చీర అంచులో పూలు పడేలా దారాలను ఎత్తి దించే ఆ పెట్టె మగ్గానికి పైన, కప్పుకు దగ్గరగా ఉంటుంది. దానికీ కప్పు బండలను మోసే ఇనుప దూలానికీ నడుమ నా చిటికెన వేలు పట్టేంత సందు. వేలికి గుడ్డ చుట్టుకుని అక్కడ తుడవడం పెళ్లైన నాటి నుంచీ నాకు అలవాటు. ఆ రోజు వేలు దూరలేదు. మా పెద్దమ్మాయి బడి సంచిలోంచి స్కేలు తీసి అడ్డంగా పెట్టి చూశాను. అదీ సగం దాకా వెళ్లి ఆగింది. ఆ దూలానికి సరిగ్గా కింద, మగ్గం పక్కన, పిల్లలిద్దరూ నిద్రపోతున్నారు.

వాళ్లను లేపలేదు. చాపతో సహా పక్క గదిలోకి ఈడ్చుకెళ్లాను.

మా ఆయన కప్పు వైపు చూసి, "పెట్టె జరిగి ఉంటది. గడ్డరు ఏడికి పోతది? ఇనుము గదా," అన్నాడు. సగం నేసిన చీర మగ్గం మీద ఉంది, ఆయన తొందర ఆయనది. నాకు మనసు ఊరుకోలేదు. నాగర్‌కర్నూల్‌లో ఇనుప షెడ్లు కట్టే మా మేనమామకు ఫొటో పంపాను. రెండు నిమిషాల్లో ఫోన్ చేశాడు.

"గడ్డరే వంగింది. ముందుగాల దాని కింద రెండు ఇనుప గుంజలు నిలబెట్టు. ఇయ్యాల క్రేన్ పెట్టిన, ఇడిచి రాలేను. నువ్వే రా. వనపర్తిల మా దోస్తు ఇనుప దుకాణం ఉన్నది, ఆడ దిగి అన్ని రకాలు చూసి రా. చూస్తెగాని సమజ్ గాదు."

సెంట్రింగ్ వాళ్ల దగ్గర గుంజలు తెచ్చి, కింద చెక్కలు వేసి బిగించేసరికి ఎనిమిది దాటింది. పిల్లలను మా ఆయనకు అప్పగించి, "నేనొచ్చే దాక మగ్గం గుంటల కాలు పెట్టకు," అన్నాను.

ఎనిమిది నలభైకి గద్వాల బస్టాండులో వనపర్తి బస్సు ఎక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు సున్నా టికెట్. ఎర్రవల్లి చౌరస్తాలో ఇటిక్యాల నుంచి వచ్చిన ఒకామె ఎక్కి నా పక్కన కూర్చుంది. నా చేతిలో స్కేలు అలాగే ఉండిపోయిందని ఆమె అడిగాకే తెలిసింది.

"ఏంది చెల్లె, ఈ వయసుల బడికి పోతున్నవా?"

"లేదక్కా, ఇంటికి ఇనుప గడ్డరు చూడనీకి పోతున్న."

"నేను అల్లున్ని చూడనీకి పోతున్న. గదీ ఇనుమే. ఎంత చెప్పినా వంగడు."

ముందు సీట్ల వాళ్లు కూడా నవ్వారు. తన ఇంటికి మామ కాలంలో పాత రైలుపట్టానే దూలంగా వేశారనీ, ఇంతవరకు కదల్లేదనీ చెప్పింది. నాకు అసూయ కలిగింది.

పదింబావుకు వనపర్తి. ఆటోకు ఇరవై రూపాయలు. దుకాణం వెనక ఇనుము ఇంత ఎత్తున పేర్చి ఉంటుందని నేను ఊహించలేదు. యజమాని నన్ను వాటి మధ్య నడిపించాడు. ఒక పక్క తెరుచుకుని ఉండేది చానెల్, లారీ అడుగున ఉండేది అదే. బరువు పడితే తెరుచుకున్న పక్కకు మెలి తిరుగుతుందట. నాలుగు పక్కలా మూసి ఉన్న బాక్సు పైపు మెలి తిరగదు కానీ రేకు పలచన, రేకుల షెడ్లకు చాలు, బండల కప్పు కింద వద్దన్నాడు. రైలుపట్టా సంగతి అడిగాను. "గట్టిదే అమ్మా, గాని వెల్డింగు పట్టదు. లోపల పగులుంటె పైకి తెల్వదు." హెచ్ ఆకారంలో వెడల్పు అంచులున్నది స్తంభాలకు. ఐ ఆకారంలోది దూలాలకు. మా ఇంట్లో ఉన్నదీ ఐ గడ్డరే.

"మరి మంచిదే గదా అన్నా, ఎందుకు వంగింది?"

ఫోనులో ఫొటో పెద్దది చేసి చూసి నుదురు కొట్టుకున్నాడు. "ఎవరమ్మా గా మేస్త్రీ? పండబెట్టిండు!"

అప్పుడు గుర్తొచ్చింది. జకార్డు కొన్న ఏడు కప్పు ఎత్తు చాలక, మూడంగుళాలు కలిసొస్తాయని దూలాన్ని పక్కకు తిప్పి వేయించామని మా అత్తమ్మ గొప్పగా చెప్పేది. మా వీధిలో చాలామంది మమ్మల్ని చూసి అలాగే వేయించుకున్నారు.

యజమాని నా స్కేలు తీసుకుని రెండు ఇటుకల మీద పడుకోబెట్టి వేలితో నొక్కాడు, విల్లులా వంగింది. అంచు మీద నిలబెట్టి నన్ను నొక్కమన్నాడు. అరచేతిలో గీత పడిందే కానీ స్కేలు వంగలేదు. అదే స్కేలు. ఒక్క గ్రాము పెరగలేదు. నేను మూడుసార్లు తిప్పి తిప్పి చూశాను.

పదకొండున్నర బస్సుకు బిజినేపల్లి మీదుగా నాగర్‌కర్నూల్ చేరేసరికి ఒంటిగంట. ఊరి బయట పెద్ద గోదాము లేస్తోంది. క్రేను ఒక దూలాన్ని ఎత్తుతోంది. మెడ ఎంత వెనక్కి వంచినా దాని రెండో కొస కనబడలేదు. స్తంభంతో కలిసేచోట నా నడుమంత లోతు, పోను పోను సన్నబడుతూ పోయింది. నడుమ ఒక్క స్తంభం లేకుండా అంత కప్పు!

"గంత ఇనుము అక్కడ, గింతే ఇక్కడ, ఎందుకు మామా?"

"బలం ఏడ గావాల్నో ఆడనే ఇనుము, బిడ్డా. తక్కినకాడ ఉత్త బరువు."

జొన్నరొట్టె తింటూ నేల మీద పుల్లతో మా ఇంటి కప్పు గీశాడు. "జకార్డు మీద దూలం ఎందుకు? పెట్టెకు అటొకటి, ఇటొకటి, రెండు ఐ గడ్డర్లు నిలబెడదాం. నడుమ పొడుగు బండ. పెట్టె రెంటి సందుల ఉంటది. వంగినదాన్ని మల్ల వాడొద్దు. గోడ మోస్తదో లేదో ఇంజినీరును పిలిచి చూపిస్త, ఎల్లుండి నేనే వస్త."

నాలుగుంబావుకు తిరుగు బస్సు. సందెవేళ బీచుపల్లి దగ్గర కృష్ణ దాటుతుంటే పక్క వంతెన అడుగు కనబడింది. వరసగా దూలాలు, అన్నీ నిలబడే ఉన్నాయి. ఇన్నేళ్లలో ఎన్నిసార్లు ఈ నది దాటానో! నీళ్లకు దండం పెట్టాను కానీ, నన్ను మోస్తున్నదాన్ని ఒక్కసారి చూడలేదు. ఇప్పుడు ఆ చేతులే దూలాలకు జోడించాను.

ఏడున్నరకు ఇల్లు చేరాను. మా ఆయన గుంజ అడుగు చూపించాడు. పొద్దున వేసిన చెక్కలోకి అది వేలెడు దిగబడి ఉంది. "గంత బరువు పిల్లల మీదుండె," అన్నాడు మెల్లగా.

మర్నాడు పొద్దున పెద్దమ్మాయికి స్కేలు తిరిగి ఇచ్చి, ఇద్దరికీ ఇటుకల మీద వంచి చూపించి చెప్పాను: "మీ దోస్తుల ఇండ్లకు పోండ్రి. గడప అవతలనే నిలబడి పైకి చూడుండ్రి. గడ్డరు నిలబడి ఉంటె ఆడుకొని రాండ్రి. పండుకొని ఉంటె లోపలికి పోవద్దు. వాళ్లమ్మను చెయ్యి పట్టుకొని మనింటికి తీస్కరాండ్రి."