నేత్రావతి యాంటెనా

బెంగళూరులో మా అపార్ట్‌మెంటు మేడమీద మా పక్కింటి నేత్రావతి రేడియో యాంటెనా నిలబెట్టిన నాటి నుంచీ అసోసియేషన్‌కు కంటిమీద కునుకు లేదు. బిల్డింగు అందం చెడిందన్నారు, పిడుగు పడుతుందన్నారు. తీసేయాలన్న అర్జీలో నేనూ సంతకం పెట్టాను. బళేపేటలో గాజులమ్మే యాభై ఏళ్ల మనిషికి రేడియో ఎందుకని నవ్వాను కూడా. ఆమె పరీక్ష రాసి ప్రభుత్వ లైసెన్సు తెచ్చుకున్న హ్యామ్ ఆపరేటర్, అంటే సొంత రేడియో సెట్టుతో దూరాలకు మాట్లాడే మనిషి. ఆపద వేళ కబుర్లు అందించడం ఆమె పని. జీతమూ లేదు, బత్తెమూ లేదు.

మొన్నటి వానలకు సర్జాపుర రోడ్డు ఏరైంది. తెల్లారేసరికి మా కింది అంతస్తు మునిగింది. కరెంటు పోయింది, ఫోన్లు మూగబోయాయి. నేత్రావతి మేడమీది మెట్లగదిలో కారు బ్యాటరీకి రేడియో తగిలించి కూర్చుంది. ఊళ్లోని హ్యాములందరికీ ఆ రోజు రేడియోలో మాట్లాడే వంతులు ఇస్తున్నది కాత్యాయని అనే రిటైర్డ్ టీచరు. ఆమె పిలిస్తేనే మాట్లాడాలి. ప్రాణం మీదికి వస్తేనే ‘ఎమర్జెన్సీ’ అనాలి. ఆ మాట వినబడితే మిగతావాళ్లంతా నోరు మూసుకుంటారు, పడవ అటే వెళ్తుంది. మా ప్రాంతానికి ఉన్నదే ఒక పడవ.

అసోసియేషన్ ప్రెసిడెంట్ తేజస్ పైకి వచ్చాడు, వెనకే నేనూ వెళ్లాను. “మేడం, ఎమర్జెన్సీ అని చెప్పండి. అందరం స్టక్ అయిపోయాం, హోటల్‌కి షిఫ్ట్ అవ్వాలి.”

“తాగేదానికి నీళ్లుండాయి, తిండుండాది. దీన్ని ఎమర్జెన్సీ అనరప్పా. మామూలు మెసేజ్‌గా పంపిస్తా,” అంది నేత్రావతి.

అంతలో పక్క బిల్డింగు కడుతున్న కూలీ ఎల్లయ్య ఛాతీ లోతు నీళ్లు దాటుకుని పైకొచ్చాడు. “మేడం, నా పెండ్లాం ఈరమ్మకు పొద్దుగాల సంది నొప్పులొస్తున్నయ్. షెడ్డు రేకుల మీద పండబెట్టినం. బిడ్డ అడ్డం తిరిగిందంటున్నరు.”

నేత్రావతి ఆ మాటలు పొల్లుపోకుండా కాగితం మీద రాసుకుంది. తేజస్ రేడియోకు అడ్డంగా నిలబడ్డాడు. “మెయింటెనెన్స్ కట్టేది మేము. మా మెసేజ్ ఫస్ట్ వెళ్లకపోతే రేపే ఆ యాంటెనా పీకించేస్తా.”

“పీకించప్పా. అది రేపటి మాట. ఇప్పుడు పక్కకి జరుగు, వైరు తొక్కినావు.”

మైకు నొక్కి ‘ఎమర్జెన్సీ’ అంది. గోలగోలగా ఉన్న రేడియో ఒక్కసారిగా సద్దుమణిగింది. నా సంతకం గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాను.

గంటకు పడవ షెడ్లకు పోయే దారిలో మా గేటు ముందుకు వచ్చింది. మావాళ్లు సూట్‌కేసులు అందించబోయారు. నేను నడుము లోతు నీళ్లలోకి దిగి అడ్డం నిలబడ్డాను. “ఇక్కడెవరికీ ఏం కాలేదు. గోడ వెనక షెడ్ల వైపు పోనీండి,” అన్నాను పడవవాళ్లతో. తేజస్ నన్ను నోటికొచ్చినట్టు తిట్టాడు. తిట్టుకోనీ.

మధ్యాహ్నం కాత్యాయని ద్వారా రేడియోలో ఆసుపత్రి కబురు వచ్చింది. తల్లీబిడ్డా బాగున్నారు. నేత్రావతి ఆ కబురు పూర్తిగా రాసుకుంది, పద్ధతి ప్రకారం తిరిగి కాత్యాయనికి చదివి వినిపించింది, మైకు కట్టేసింది. అప్పుడు ఏడ్చింది.