హైమావతి కుట్టిన నీళ్ళ సంచి

బ్లేడు మొనను కుట్టులోకి దూర్చి హైమావతి ఒక్కొక్క పోగే తెంపుతోంది. రెండు కుట్లు తెంపడం, దారాన్ని గోటితో లాగడం, మళ్ళీ రెండు. వంటింటి బల్ల మీద వీపు సంచి బోర్లా పడుకుని ఉంది. దాని లోపల మూడు లీటర్ల ప్లాస్టిక్ తిత్తి, తిత్తి అడుగునుంచి చిటికెన వేలంత గొట్టం, గొట్టం చివర కొరికి పీల్చే రబ్బరు మూతి. మంచులో స్కీ చేసేవాళ్ళు ఆగకుండా నీళ్ళు తాగడానికి దీన్ని వీపున తగిలించుకుంటారు. చలికి గొట్టం గడ్డకట్టకుండా ఉండాలని పది రోజుల కిందట దానికి దళసరి తొడుగు కుట్టింది హైమావతే. ఇప్పుడు విప్పుతున్నదీ తనే.

"కుట్టు బంగారంలా ఉంది కదే, ఎందుకు విప్పడం?" అంది గుమ్మం దగ్గర మాస్కు పెట్టుకుని నిలబడ్డ శాంత. పై అంతస్తులో ఉంటుంది.

"నీళ్ళు గడ్డకట్టాక కుట్టు ఎంత బాగుంటే ఏంటక్కా?"

 అది గురువారం. శనివారం పొద్దున్నే శాంత భర్త రవీంద్రనాథ్ స్కీలకు పోవాలి. ఆ సంచి పనిచేయకపోతే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు.

అక్టోబరులో ఆయనకు కిడ్నీలో రాయి అడ్డం పడింది. అంబులెన్సు వచ్చి ఆయన్ని ఒక్కణ్ణే ఎక్కించుకుంది. కరోనా రోజులు, తోడు ఎవరినీ లోపలికి రానివ్వరు. ఆయన ఫోను చార్జరు చేత్తో పట్టుకుని శాంత ఆసుపత్రి కార్ల పార్కింగులో ఐదు గంటలు నిలబడింది. రెండోసారి దారి మూసుకుపోతే ఆ కిడ్నీ మీద ఆశ పెట్టుకోవద్దన్నాడు డాక్టరు. రోజుకు మూడు లీటర్లు తాగాలి. చలిలో దాహం తెలియదు కాబట్టి దాహం కోసం చూడకుండా పావుగంటకోసారి రెండు గుక్కలు పడాలి.

పోనీ, స్కీలు మానమంటే ఆయన మానరు. ఏడాదిగా పడగ్గది మూల బల్ల దగ్గరే ఉద్యోగం. మాట తగ్గింది, నిద్ర తగ్గింది. ఆఫీసులో ఒక జర్మన్ ఆయన లాంగ్‌లౌఫ్ నేర్పాక మళ్ళీ మనిషయ్యాడు. అది కొండమీదినుంచి జారేది కాదు. మంచులో గీసిన రెండు గాడుల్లో నడుస్తూ జారుతూ గంటల తరబడి పోయేది. కొండెక్కించే లిఫ్టులన్నీ కరోనాకు మూసేసిన ఆ చలికాలంలో మిగిలింది అదొక్కటే. శాంత వెనకాలే కర్రలతో నడుస్తుంది.

కిందటి శనివారం అరగంటకే గొట్టం గడ్డకట్టింది. నాలుగు గంటలూ "తాగాను, తాగాను" అంటూ వచ్చాడాయన. ఇంటికొచ్చి సంచి ఎత్తి చూస్తే పొద్దున ఎంత బరువుందో అంతే ఉంది. ఆ సాయంత్రం నడుం పక్కన నొప్పి మొదలైంది. తెల్లవారేసరికి దానంతట అదే తగ్గింది కాబట్టి సరిపోయింది.

"ఫ్లాస్కు ఇచ్చి చూశానే. చేతి తొడుగులు తియ్యాలి, సంచి దించాలి, మూత తిప్పాలి. ఈయన దించరు," అంది శాంత. "ఇది కూడా కుదరకపోతే స్కీలు కింద నేలమాళిగలో, మన కెల్లర్‌లో పడేసి తాళం వేసేస్తా. ఆ తర్వాత ఆయన ముఖం నేను చూడలేను, అది వేరే సంగతి."

హైమావతిది నరసాపురం. కుట్టు ఎవరూ నేర్పలేదు. పెళ్ళయిన కొత్తలో భర్త లక్ష్మణరావు పాత చొక్కాలు విప్పి, ఏ ముక్క ఏ ముక్కలోకి పోయిందో చూసి నేర్చుకుంది. జర్మనీలోని ఈ ఇంగోల్‌స్టాట్‌కు వచ్చి ఎనిమిదేళ్ళయింది. కార్ల ఫ్యాక్టరీలో భర్త ఉద్యోగం. తెగిన జిప్పులు, చిరిగిన స్కూలు సంచులు, ఆ ముందటి వసంతంలో కట్టలకొద్దీ మాస్కులు, అన్నీ ఈ వంటింటి బల్ల మీదే. ఆమెకు ఒక పద్ధతి ఉంది. పని చెడితే ముందు విప్పాలి. విప్పకుండా పైన ముక్క వేసి కుట్టేవాళ్ళంటే ఆమెకు గిట్టదు.

తొడుగు విప్పేసింది. లోపల తప్పేమీ కనపడలేదు. తను బాల్కనీలో గంటసేపు పెట్టి తాగి చూసినప్పుడు గడ్డకట్టలేదు. మరి ఆయన వీపున ఎందుకు కట్టింది?

"అన్నయ్యగారిని కింద పెరట్లోకి రమ్మనండి. ఆయన తాగుతుంటే చూడాలి," అంది.

బయట మైనస్ పదకొండు. రవీంద్రనాథ్ స్కీ కోటు తొడుక్కుని, సంచి తగిలించుకుని వచ్చాడు.

"ఏమ్మా, మంచినీళ్ళు తాగడానికి కూడా పరీక్షా? యాభై నాలుగేళ్ళుగా తాగుతున్నా."

"ఇవాళ నా ఎదురుగా తాగండి అన్నయ్యగారూ."

పీల్చాడు. మింగాడు. మూతి వదిలేశాడు. గొట్టం ఛాతీ మీద ఉచ్చులా వేలాడింది. హైమావతి వంగి చూసింది. గొట్టం నిండా నీళ్ళు అలాగే నిలబడి ఉన్నాయి. ఎంత తొడుగు వేసినా నిలబడ్డ నీళ్ళు గడ్డకట్టక ఏం చేస్తాయి?

"తాగాక ఊదలేదేం? సంచితో వచ్చిన కాగితంలో రాశాడు కదా, ఊది నీళ్ళు తిత్తిలోకి నెట్టెయ్యమని."

"చదివాను." ఆయన పక్కకు చూశాడు. "ఊదితే నా ఎంగిలి తిత్తిలోకి పోదూ? దారిలో శాంతకి దాహమైతే కప్పులో పోయాల్సింది అందులోంచే."

హైమావతికి అప్పుడు అర్థమైంది. బాల్కనీలో తను ఊదింది. ఆ నీళ్ళు తాగే రెండో మనిషి లేరు కాబట్టి ఆలోచించకుండా ఊదింది.

"ముప్పై ఏళ్ళ కాపురం చేసి ఇప్పుడు నాకు ఎంగిలి లెక్కలా?" అంది శాంత. "కిడ్నీ పోగొట్టుకుంటారు గానీ ఒక్క మాట చెప్పరు. నా నీళ్ళు నేను వేరే సీసాలో తెచ్చుకునేదాన్ని కదండీ."

"అదొక్కటే కాదే. ఊదుదామనే అనుకుంటా. తాగే నీళ్ళలోకి ఊదాలంటే నోరు మూసుకుపోతుంది. అమ్మ పెట్టిన అలవాటు, ఏం చెయ్యను?"

"ఆవిడ్ని ఎందుకు లాగుతారు మధ్యలో?"

హైమావతి ఇద్దరినీ ఆపింది. "అలవాటు మార్చడం నాకు రాదక్కా. సంచి మార్చడం వచ్చు. అన్నయ్యగారూ, ఇంట్లో గ్లాసుతో ఎలా తాగుతారు?"

"ఎత్తి పోసుకుంటా."

"ఏదీ, చెయ్యి ఎత్తండి."

ఎత్తాడు. చెయ్యి నుదురు దాటి పైకి పోయింది. దాన్ని ఆమె కళ్ళతోనే కొలుచుకుంది.

ఇంటికి వచ్చి సంచిని తలుపు కొక్కేనికి, ఆయన వీపు ఎత్తున తగిలించింది. తిత్తిలో బీట్‌రూట్ రసం కలిపిన నీళ్ళు పోసింది. గొట్టం మూతిని సంచికన్నా పైకెత్తి, చీలిక తెరుచుకుని గాలి దూరేలా వేళ్ళతో నొక్కింది. ఎర్రటి గీత కొంచెం దిగి, ఛాతీ పట్టీ దగ్గర ఆగిపోయింది. అక్కడ గొట్టాన్ని పట్టి ఉంచే ఉంగరం ఉంది. దానికి ఇవతల ఉచ్చులో నీళ్ళు అలాగే మిగిలాయి. ఉంగరం విప్పి మళ్ళీ ఎత్తింది. ఈసారి ఎర్రటి గీత భుజం దాటి తిత్తిలోకి జారిపోయింది. ఊదే పని లేదు.

గొట్టం ఇంకా జానెడు ఎక్కువ, ఆయన చెయ్యి ఎత్తినా ఉచ్చు మిగులుతుంది. కొయ్యాలి. కోస్తే మళ్ళీ అతకదు, శనివారంలోపు కొత్తది రాదు, దుకాణాలు మూసి ఉన్నాయి. ఆయన చెయ్యి ఎత్తును తలుచుకుని నాలుగుసార్లు కొలిచి, ఐదోసారి బ్లేడు పెట్టింది. తర్వాత సంచి భుజం పట్టీ మీద, మెడ దగ్గర చిన్న ఉన్ని జేబు కుట్టింది. మూతి అందులో నిటారుగా నిలబడుతుంది.

శుక్రవారం పొద్దున రవీంద్రనాథ్ పెరటి చుట్టూ నడవడం మొదలుపెట్టాడు. శాంత వాచీ చూస్తూ పావుగంటకోసారి "ఊఁ" అంటోంది. ఆయన పీల్చి, మూతిని నుదుటి పైకెత్తి నొక్కి, జేబులో దూరుస్తున్నాడు. మొదటిసారి నీళ్ళు వచ్చాయి. రెండోసారీ వచ్చాయి. మూడోసారి పీల్చి ఆగిపోయాడు.

"రావట్లేదు," అన్నాడు మెల్లగా.

 శాంత ముఖం మాస్కు పైన తెల్లబోయింది. హైమావతి మూతి తీసి చూసింది. గొట్టం ఖాళీగానే ఉంది. రబ్బరు చీలికలో బియ్యపు గింజంత మంచు. మిగిలిన ఒక్క చుక్క గాలి తగిలి బిగుసుకుంది.

జేబు తప్పు వైపు కుట్టింది. గాలి తగిలే బయటి వైపు కుట్టింది, మెడ వైపు కుట్టాలి.

ఆమె మెట్టు మీదే కూర్చుని జేబు విప్పింది. సూది చల్లగా వేళ్ళకు అంటుకుంటోంది. మూడు కుట్లకోసారి చేతులు చంకల్లో పెట్టుకుంటూ, ఒంటి వేడి తగిలేలా జేబును పట్టీ లోపలి వైపుకు తిప్పి కుట్టింది. పైన మడత వేసింది.

"మళ్ళీ మొదటినుంచి. రెండు గంటలు," అంది.

"ఇంక చాలమ్మా, నీ చేతులు చూడు."

"నడవండి అన్నయ్యగారూ."

నడిచాడు. పావుగంట, అరగంట, ముప్పావు. మైనస్ పన్నెండు. గంట దగ్గర శాంత వాచీ చూడటం మానేసి ఆయన గొంతునే చూస్తోంది, గుటక పడుతుందా లేదా అని. పడింది. గంటన్నరకు ఆయన ఆమె చెప్పకుండానే చెయ్యెత్తాడు. రెండు గంటలకు ఎనిమిదోసారి తాగి మూతి జేబులో పెట్టాడు. శాంత వెనక్కి వెళ్ళి తిత్తిని చేత్తో అదిమింది. ఒకసారి నమ్మక, మళ్ళీ అదిమింది.

"బాగా తగ్గిందే హైమా."

హైమావతి సంచి విప్పించి లోపలికి తీసుకెళ్ళింది. చలిలో చేత్తో వేసిన కుట్లను మిషను మీద మళ్ళీ గట్టిచేసింది. జేబు మూలలకు అడ్డకుట్లు వేసింది. మిగిలిన దారం కత్తిరించి, పట్టీ రెండు వైపులా పట్టి లాగి చూసింది. కదల్లేదు. రవీంద్రనాథ్ చెయ్యి చాపాడు గానీ, ఆమె సంచిని శాంత చేతుల్లో పెట్టింది.

"గోరువెచ్చటి నీళ్ళు పొయ్యండక్కా. మరీ వేడివి వద్దు."